కాపలా పెట్టినవాడే విడిపించాలి

నాకు కోపం ఎక్కువ. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఈ మాట అననివాళ్ళు లేరు. మా ఇంట్లో ఇప్పటికీ అంటూనే ఉన్నారు. జనగామలో స్తంభాలెక్కి తీగలు లాగాను, మానుకోటలో కేబుళ్ళకు గుంతలు తవ్వించాను, చివరికి భూపాలపల్లిలో ఇల్లిల్లూ తిరిగి ఇంటర్నెట్ పెట్టెలు బిగించి బయటపడ్డాను. అంతా టెలిఫోన్ ఆఫీసు పనే. తీగ తెగితే అతికించడం నాకు బాగా వచ్చు. మనిషి బెదిరితే ఏం చేయాలో మాత్రం నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. అది కళ్ళారా చూసిన ఒక రోజు గురించి చెబుతాను. ఈ పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, జర వినండి. మీ సంచుల్లో నాకంటే మంచి పనిముట్లు ఉన్నాయి. ఓపిక మాత్రం నాకంటే తక్కువే ఉందని మీ నడక చూస్తేనే తెలుస్తోంది.

రిటైరయ్యే ముందు కొన్నేళ్ళుగా మాకు ఒక కొత్త రకం ఫిర్యాదు రావడం మొదలైంది. "నెట్ ఖరాబైంది, జల్ది రాండ్రి" అని ఫోన్ చేస్తారు. వెళ్ళి చూస్తే నెట్ భేషుగ్గా ఉంటుంది. కంప్యూటర్ తెర మాత్రం నిండా ఎర్రగా మండిపోతూ ఉంటుంది. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఆపవద్దు, దేన్నీ ముట్టవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలు. వెనక ఒకటే సైరన్. అదంతా ఉత్త బూటకం. ఏదో ఒక దొంగ పేజీ తెర నిండా పరుచుకుని అరుస్తుంది, అంతే. మూసేస్తే పోతుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తేనే మునిగిపోతాం. అవతలివాడు తియ్యగా మాట్లాడి మన చేతే ఒక ప్రోగ్రాం దింపించి, దాంట్లోంచి మన కంప్యూటర్‌లోకి దూరి, ఉన్నదంతా ఊడ్చుకుపోతాడు.

దీనికి నా వైద్యం ఒక్కటే. వెళ్ళడం, స్విచ్ పీకడం, "ఏదివడితే అది ఎందుకు నొక్కుతరయ్యా?" అని నాలుగు కేకలేయడం, రావడం. నెల తిరక్కుండా అదే ఇంటి నుంచి మళ్ళీ ఫోన్ వచ్చేది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ కేకలేసేవాణ్ణి. నా గొంతు అరిగింది గానీ ఫిర్యాదులు తగ్గలేదు.

అట్లాంటి రోజుల్లో మా మీద ఆఫీసరుగా వచ్చింది ఒక మేడమ్. నాకంటే వయసులో చాలా చిన్నది. మరిపెడ దగ్గర ఒక తండాలో పుట్టింది. ఇంట్లో తండా భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడుతూ ఇంజనీరింగ్ చదివి వచ్చింది. మొదట మానుకోటలో కలిసి పనిచేశాం. నాకు భూపాలపల్లి బదిలీ అయిన తర్వాత ఆమె కూడా అక్కడికే వచ్చింది. నన్ను "అన్నా" అనేది. ఆఫీసరు అయ్యుండి అట్లా పిలిస్తే ఇంక ఏం కొట్లాడతాం?

ఆమెకు ఒక విచిత్రమైన పట్టుదల ఉండేది. ఇంటికి వెళ్ళి కస్టమర్ కంప్యూటర్‌ను ముట్టుకునేది కాదు. పక్కన కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఏం చేయాలో చెబుతూ వాళ్ళ చేతే చేయించేది. నన్నూ ముట్టనిచ్చేది కాదు. దంతాలపల్లిలో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన గరమైపోయాడు. "ఏందమ్మా, మీరు రిపేరు జేస్తరని ఫోన్ జేసిన గని నాతోటి జేపిస్తరనా?" అన్నాడు. ఆమె నవ్వి, "మల్లొస్తే రాత్రిపూట నేను దొరకను గద సార్, మీరైతే ఇంట్లనే ఉంటరు" అంది. ఆయన గొణుక్కుంటూనే చేశాడు. మళ్ళీ వారం ఆ ఊరికి పోతే, ఊళ్ళో ఎవరి కంప్యూటర్‌లో ఎర్ర తెర వచ్చినా ఈయనే పోయి మూసి వస్తున్నాడని తెలిసింది. మీసం తిప్పుకుంటూ నాకే పాఠం చెప్పాడు. నేను బుద్ధిగా విన్నాను, ఏం చేస్తాను?

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "నేను జేస్తే నిమిషం, ఆళ్లు జేస్తే గంట. ఏందిది మేడమ్?"

"అన్నా, మా తండకు కొత్తగ ఫోను పెట్టినప్పుడు లైన్‌మెన్ వచ్చేటోడు. నంబరు ఆయనే కొట్టి, హలో గూడ ఆయనే అని, అప్పుడు మా యాడి చెవుకు పెట్టేటోడు." యాడి అంటే వాళ్ళ భాషలో అమ్మ. "మా యాడి బతికినన్ని దినాలు ఒక్క నంబరు కొట్టలే. ఎవలన్న రావాలె, కొట్టియ్యాలె అని చూసుకుంట కూసునేది. ఆ లైన్‌మెన్ మంచోడే. కని ఫోను మాకు రాలే, ఆయనకే వచ్చింది."

ఆ లైన్‌మెన్ నేను కాదు, దేవుడి దయ వల్ల. ఆ తండా వైపు నాకెప్పుడూ డ్యూటీ పడలేదు.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం రెండు దాటాక ఆఫీసులో ఫోన్ మోగితే నేనే ఎత్తాను. పెద్దవయసు గొంతు.

"తమ్మీ, నెట్ స్లో ఉన్నది. జర స్పీడు పెంచుండ్రి. కంపెనీ సార్లు మా కంప్యూటర్ లోపటికి వద్దామంటే వస్తలేదట."

"ఏ కంపెనీ సార్లన్నా?"

"గదే, కంప్యూటర్ కంపెనీ. పొద్దుగాల నుంచి సైరన్ కొడ్తున్నది. వైరస్ వచ్చిందట. ఆళ్ల నంబరుకు ఫోన్ జేసిన. ఏదో దింపుకోమన్నరు, అది సగమే దిగి ఆగింది. మీ నెట్టోళ్లకు చెప్పి స్పీడు పెంపిచ్చుకో అన్నరు."

నేను పకపకా నవ్వాను. నా సర్వీసులో ఎందరో దొంగల గురించి విన్నాను. తలుపు ఇరుకుగా ఉంది, వెడల్పు చేయించి పెట్టండని మా ఆఫీసుకు ఫోన్ చేయించిన దొంగను మాత్రం అదే చూడటం. మేడమ్‌కు చెబితే నవ్వలేదు. తాగుతున్న చాయ్ కింద పెట్టేసింది.

"ఇక్కడికెళ్లి ఆయన లైన్ కోసెయ్యాల్నా?" అన్నాను.

"కోస్తే వైరసే కోసిందనుకుంటడు. ఇంక బెదురుతడు. స్పీడు మాత్రం పెంచకు. పద అన్నా."

ఆ ఇల్లు బొగ్గుబాయిలో, అంటే గనిలో పనిచేసి రిటైరైన వాళ్ళు కట్టుకున్న గల్లీలో ఉంది. గల్లీ మొదట్లోకే సైరన్ వినపడుతోంది. వేరే ఊళ్ళో అయితే జనం పోగయ్యేవాళ్ళు. భూపాలపల్లిలో రోజూ బ్లాస్టింగ్ సైరన్లు విని విని చెవులు అలవాటు పడ్డాయి, ఎవరూ గడప దిగలేదు. గేటు దగ్గర ఒక యువతి మా కోసం ఎదురుచూస్తూ నిలబడింది. ఆ పెద్దాయన కోడలు. టేకుమట్ల వైపు పిల్ల, లెక్కల్లో పీజీ చేసింది. భర్త బాయిలో షిఫ్టుకు పోయాడట.

"సార్, ఇయాల నాలుగింటికి నాకు డెమో క్లాస్ ఉన్నది" అంది. ఇంట్లో కూర్చుని పిల్లలకు లెక్కలు చెప్పే ఆన్‌లైన్ బడి ఒకటి ఈమెను పరీక్షగా ఒక క్లాసు చెప్పమందట. నచ్చితే ఉద్యోగం, లేకపోతే లేదు. "పెండ్లైనంక రెండుసార్లు బయట జాబ్ వచ్చింది, దూరమని పోలే. ఇదైతే ఇంట్లనే. పాఠం మొత్తం ఆ కంప్యూటర్‌ల తయారు చేసి పెట్టుకున్న. బోర్డు మీద రాసి చూపియ్యాలె, ఫోన్‌ల కాదు. మామ ఏమో ఎవలనూ ముట్టనిస్తలేడు."

ఆ మాటలో మామ మీద విసురు లేదు. అదే నాకు ముందుగా ఆశ్చర్యం కలిగించింది. మా ఇంట్లో అయితే అప్పటికి గిన్నెలు ఎగిరేవి. "అన్నం గూడ ఆ కుర్చీలనే కూసోని తిన్నడు సార్" అని మాత్రం అంది.

లోపల పెద్దాయన కంప్యూటర్ ఎదురుగా కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. భుజం మీద తువ్వాల, మోకాళ్ళ మీద రెండు చేతులు. తెర ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంది. ఆయన ఒకప్పుడు బాయిలో సర్దార్ అని కోడలు చెప్పింది. సర్దార్ అంటే బాయిలో ఒక భాగం మొత్తంలో కూలీల ప్రాణాలకు పూచీ ఉండే మనిషి. పైకప్పును కర్రతో కొట్టి చూసి, చప్పుడును బట్టి అది నిలుస్తుందో లేదో చెప్పేది ఆయనే. బొగ్గు పగలగొట్టే మందు పేల్చేటప్పుడు మనుషులను దూరం పెట్టేదీ ఆయనే.

నేను అలవాటు ప్రకారం సీదా స్విచ్ బోర్డు దగ్గరికి పోయాను. ఆయన లేచిన చప్పుడు కూడా వినపడలేదు, నా మణికట్టు మాత్రం ఆయన చేతిలో ఉంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది.

"ముట్టకు తమ్మీ."

"అన్నా, ఆడు దొంగ! అది ఉత్త బొమ్మ!"

"నువ్వెవలవు? నువ్వు పెట్టినవా నన్నిక్కడ?"

నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. కోపం మాత్రం వచ్చింది. జీవితంలో మొదటిసారి కరెంటు పోవాలని దేవుణ్ణి మొక్కుకున్నాను. అప్పుడు చూస్తే ఆయన కంప్యూటర్ తీగను ఇన్వర్టర్‌కు కలిపి పెట్టాడు. అంత జాగ్రత్త మనిషి.

మేడమ్ నన్ను కళ్ళతోనే ఆపింది. ఒక స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది, మంచినీళ్ళు అడిగి తాగింది. సైరన్ మోగుతూనే ఉంది. ఆమె అసలు తెర వైపే చూడలేదు.

"బాపూ, ఎట్ల మొదలైంది?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. పొద్దున కోడలు వంటింట్లో ఉన్నప్పుడు ఒగ్గు కథ చూద్దామని కూర్చున్నాడట. కథ కింద పెద్ద బాణం గుర్తు కనపడితే నొక్కాడు. అంతే, తెర ఎర్రబడింది. "నా కొడుకు షిఫ్టుల ఉన్నడు. కోడలు బిడ్డకేమో ఇయాల క్లాసు. నా చేతుల కరాబైతే ఎట్ల? ముట్టద్దని రాసుంటే ముట్టలే. ఫోన్ జెయ్యమని ఉంటే జేసిన. మేం చెప్పేదాక ఆపకు, ఎవ్వలనూ ముట్టనియ్యకు అన్నడు. కూసున్న."

అప్పుడు నాకు కొంచెం వెలిగింది. ఈయన మొండికేయడం లేదు. డ్యూటీ చేస్తున్నాడు.

మేడమ్‌కు నాకంటే ముందే వెలిగినట్టుంది. "బాయిల కాపలా ఎట్ల పెడ్తరు బాపూ?" అని అడిగింది. నేను గోడ గడియారం వైపు చూశాను. కోడలు గుమ్మంలో నిలబడి తనూ గడియారం చూసింది.

పెద్దాయన గొంతు మారింది. అప్పటిదాకా నేరం చేసినవాడిలా మాట్లాడినవాడు ఇప్పుడు సర్దార్‌లా మాట్లాడాడు.

"షాటు పేల్చే ముందర ఎన్ని దార్లున్నయో అన్నింటికి మనుషులను నిలవెడ్త. నేనే తోలుకపోవాలె. ఈడ నిలబడు, నేనొచ్చి చెప్పేదాక పిట్టను గూడ రానియ్యకు అని మొఖం మీద చెప్త. వాడు మల్ల నాకు ఒప్పజెప్పాలె. పేలినంక నేనే లోపటికి పోయి చూసి, నేనే వచ్చి ఇడిపిస్త. వేరేటోడెవడు, మేనేజరొచ్చి చెప్పినా కాపలోడు కదలద్దు. నిలవెట్టినోడే రావాలె."

"ఎప్పుడన్న కదిలిన్రా ఎవరన్న?"

"ఒకడు కదిలిండు" అన్నాడు. "నేను నిలవెట్టి అటు పోయిన. దారిన పోయేటోడెవడో, అయిపోయింది నడువు అన్నడట. అయిపోలే. ఒక షాటు ఆలిశంగ పేలింది. పానం దక్కింది గని కన్ను పోయింది. ఇదే గల్లీల ఉంటడు. నన్ను చూస్తే నమస్తే పెడ్తడు బిడ్డా. ఆ నమస్తే తీసుకునుడు నాకు కష్టమైతది."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ మనిషికి మనం ఇంతసేపూ ఏం చెబుతున్నాం? దారిన పోతూ వచ్చి, అయిపోయింది నడువు అంటున్నాం. ఆయన జన్మలో కదలడు. కదలకూడదు కూడా. ఆయన అట్లా ఉన్నందుకే ఎందరో సాయంత్రానికి ఇంటికి చేరారు. ఆ దొంగ వెధవకు ఇదేమీ తెలియదు. ఇంత నిజాయితీ ఉన్న మనిషి తన వలలో పడ్డాడని వాడు కలలో కూడా అనుకుని ఉండడు.

మేడమ్ అప్పుడు ఒకే ఒక్క మాట అడిగింది. "బాపూ, నాకు బాయి ఎరుక లేదు. మీరే సర్దార్. గీ కాపలా సక్కగ పెట్టిన్రా, లేదా? మీరే చూసి చెప్పుండ్రి."

ఆయన ఆమెను చూశాడు. తెరను చూశాడు. పొద్దుటి నుంచి దాని ముందు కూర్చున్నవాడు మొదటిసారి దాన్ని తనిఖీ చేసే మనిషిలా చూశాడు. కళ్ళద్దాలు సరిచేసుకుని ముందుకు వంగి, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివాడు. పైన ఒక మూల చిన్న అక్షరాల్లో మీరున్న ఊరు హైదరాబాద్ అని ఉంది. దాని సంగతి నాకు తెలుసు. మా లైన్లన్నీ హైదరాబాద్ మీదుగానే పోయేవి, అందుకే ఆ దొంగ పేజీకి ఏ ఊరివాళ్ళైనా హైదరాబాద్ వాళ్ళలాగే కనపడేవారు. చెబుదామని నోరు తెరిచాను. మేడమ్ చెయ్యి ఎత్తి ఆపింది.

సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ మోగింది. వాడే. ఆయన స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాడు. అవతలివాడు హిందీలో గడగడా అందుకున్నాడు. స్పీడు పెంచారా, ఆ ప్రోగ్రాం దిగిందా, ఆలస్యమైతే కంప్యూటర్‌లో ఉన్నవన్నీ పోతాయి అని. బాయిలో అన్ని రాష్ట్రాల వాళ్ళతో పనిచేసిన మనిషి కాబట్టి పెద్దాయనకు హిందీ ధారాళంగా వచ్చు. నిమ్మళంగా ఒక ప్రశ్న వేశాడు.

"మై కహా ఖడా హూ?" నేనెక్కడ నిలబడ్డాను అని.

"సర్, ఆప్ హైదరాబాద్ మే హై."

"హైదరాబాద్ మే కహా?"

వాడు విసుక్కున్నాడు. టైమ్ వేస్ట్ చేయకండి, ఇది చాలా ప్రమాదం, పోలీసులకు రిపోర్టు పోతుంది, మీ మీద కేసవుతుంది అని గొంతు పెంచాడు. మొదట తియ్యగా మాట్లాడినవాడు వీడేనా అన్నంత మారిపోయాడు. గుమ్మంలో కోడలు పైట చెంగు పిడికిట్లో బిగించింది. నాకైతే ఆ ఫోన్ లాక్కుని జనగామ భాషలో నాలుగు తగిలించాలని చేతులు దురద పెట్టాయి.

పెద్దాయన గొంతు మాత్రం లేవలేదు. హిందీ వదిలేసి తెలుగులోనే అన్నాడు. వాడికి అర్థమవుతుందా లేదా అని చూసుకోలేదు.

"నన్ను నిలవెట్టినోనివి, నేను యాడ నిలబడ్డనో నీకే ఎరుక లేదు. ఇగ నువ్వు నన్నేం ఇడిపిస్తవురా? నువ్వు సర్దార్‌వు కావు."

ఫోన్ పెట్టేశాడు. వెంటనే మళ్ళీ మోగింది. ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పొద్దుటి నుంచి బిగపట్టిన ఊపిరి వదిలినట్టు ఉఫ్ అన్నాడు.

"సక్కగ పెట్టలే బిడ్డా" అన్నాడు మేడమ్‌తో. "ఇది కాపలా కాదు. కూసోని కూసోని పాగల్ అయిన."

"పాగల్ కాలే బాపూ" అంది ఆమె. "మీరు మాకు ఫోన్ జేసిన్రు కాబట్టే ఆడు లోపటికి రాకముందు మేమొచ్చినం. ఇగ మీ చేతితోనే బంద్ చేద్దాం."

ఆ తర్వాతి పని మీ అందరికీ తెలిసిందే. కీబోర్డు మీద మూడు మీటలు ఒకేసారి నొక్కాలి, వచ్చిన పట్టీలో ఆ పేజీని తెరిచిన బ్రౌజర్‌ను ఎంచుకుని ముగించాలి. మీకు చిటికెలో పని. ఆయన వేళ్ళు బాయి పనికి మొద్దుబారినవి, మూడు మీటలు ఒకేసారి అందలేదు. రెండు చేతులూ వాడాడు, ఒకటి జారింది, మళ్ళీ నొక్కాడు. నా వేళ్ళు జేబులో కొట్టుకుంటున్నాయి. మేడమ్ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

సైరన్ ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ ఒక్క ఈల వేసింది, నలుగురం ఉలిక్కిపడ్డాం. పెద్దాయన ముందు నవ్వాడు, తర్వాత మేమంతా నవ్వాం.

మిగిలినవి కూడా ఆయన చేతే చేయించింది. సగం దిగిన ఆ ప్రోగ్రాంను ఆయనే తీసేశాడు. బ్రౌజర్‌ను తిరిగి తెరిచినప్పుడు పాత పేజీలు మళ్ళీ తెరవమంటావా అని అడిగితే ఆయనే వద్దన్నాడు. కోడలు తన ఫోన్‌లో పాస్‌వర్డులు మార్చుకుంది. ఆమె పాఠం తయారు చేసినట్టే చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూసి ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నాలుగు కావడానికి ఇంకా కాసేపు ఉంది.

తర్వాతి సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను. ఆ గల్లీ చివర చాయ్ హోటల్ దగ్గర రిటైరైన బాయి మనుషులు కూర్చునేవాళ్ళు. వాళ్ళకు పెద్దాయన ఒకటే నేర్పాడు. ఎవడన్నా ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ ఆపకు, ముట్టకు, ఎవరికీ చెప్పకు అన్నాడా, ముందు "నేను యాడ నిలబడ్డ?" అని అడుగు. చెప్పలేకపోతే పెట్టెయ్. నేను ఏళ్ళ తరబడి కేకలేసి నేర్పలేనిది ఆయన ఒక్క ప్రశ్నతో నేర్పాడు. నేను ఉన్నన్నాళ్ళూ ఆ గల్లీ నుంచి మళ్ళీ ఎర్ర తెర ఫిర్యాదు రాలేదు. ఆ ప్రశ్న మేడమ్ ఆయనకు చెప్పింది కాదు. ఆయనలో ఉన్నదాన్ని ఆయనకే తీసి ఇచ్చింది. ఇద్దరిలో ఎవరిని ఎక్కువ మెచ్చుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. తేల్చాలని కూడా లేదు.

మీకు ఇంకొక్క మాట. నిజమైన హెచ్చరిక ఫోన్ నంబరు ఇచ్చి బతిమాలదు, తొందర పెట్టదు, పక్కవాళ్ళకు చెప్పొద్దనదు. అట్లాగని, దానికి బెదిరినవాణ్ణి చూసి నవ్వకండి. బెదిరినవాళ్ళలో సగంమంది తెలివి తక్కువై బెదరరు. హెచ్చరికకు విలువ ఇచ్చి బతికినవాళ్ళు కాబట్టి బెదురుతారు.

సరే, ఆ రోజు దగ్గరికి వద్దాం. మేం లేచి సెలవు తీసుకుంటుంటే కోడలు మామ ఎదురుగా వచ్చి నిలబడింది. గుమ్మంలో నిలబడి ఆ పిల్ల అంతా విన్నది కదా.

"మామా, నేను క్లాసుకు కూసుంటున్న. మీరు జర గేటుకాడ నిలబడుండ్రి. నేనొచ్చి చెప్పేదాక ఎవలనూ లోపటికి రానియ్యకుండ్రి, సప్పుడు చెయ్యనియ్యకుండ్రి."

పెద్దాయన తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు. "గేటుకాడ నిలబడాలె. నువ్వొచ్చి చెప్పేదాక ఎవ్వలనూ రానియ్యద్దు, సప్పుడు కానియ్యద్దు" అని అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. ఆమె తలూపి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మేం బయటికి వచ్చి, నేను బండి కిక్కు మీద కాలు పెట్టానో లేదో ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు తమ్మీ. సప్పుడైతది."

"నూకుకుంట పోతమన్నా గల్లీ చివరిదాక."

"నీ బండి నూకితే గూడ కిర్రుమంటది, ఇందాక వచ్చినప్పుడు విన్న. ఆగుండ్రి."

నాకు పాత కోపం తన్నుకొచ్చింది. మేడమ్ మాత్రం చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. "ఉందాం అన్నా" అంది మెల్లగా. ఇద్దరం గోడ పక్కన అరుగు మీద కూర్చున్నాం. పాల ప్యాకెట్ల అతను వస్తే పెద్దాయన వేలు నోటి మీద పెట్టుకుని సైగ చేసి పంపించాడు. పక్కింటావిడ గిన్నె పట్టుకుని పప్పు కోసం వస్తే, ఆవిడకూ అదే సైగ. రెండు కుక్కలు కొట్లాడుకుంటూ వస్తే వాటిని గల్లీ మలుపు దాకా తరిమి, మళ్ళీ పరుగున వచ్చి తన చోటులో నిలబడ్డాడు. కిటికీలోంచి కోడలు గొంతు సన్నగా వినపడుతోంది. ఏవో భిన్నాలు చెబుతోంది, అవతల ఎవరో పిల్లవాడు తప్పు చెప్పినట్టున్నాడు, ఈమె నవ్వి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. లోపల ఏమవుతోందో వినాలని పెద్దాయనకు ఎంత ఉన్నా కిటికీ వైపు తిరగలేదు. ఆయన చూపు గల్లీ మీదే ఉంది.

గొంతు ఆగింది. అయిపోయిందని నాకూ తెలుస్తోంది, మేడమ్‌కూ తెలుస్తోంది. నేను లేచాను. "అన్నా, అయినట్టున్నది" అన్నాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. నిలబడే ఉన్నాడు.

తలుపు తెరుచుకుంది. కోడలు మెట్లు దిగి, వాకిలి దాటి, గేటు దాకా వచ్చింది. ఆమె ముఖాన్ని బట్టి ఏమీ తెలియలేదు. ఆయనా ఏమీ అడగలేదు. ఆమె సరిగ్గా ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"మామా, అయిపోయింది. ఇగ మీరు రాండ్రి."

అప్పుడు ఆయన గేటు మీది చెయ్యి తీశాడు. అప్పుడు అడిగాడు, "ఏమన్నరు బిడ్డా?"

"సోమారం నుంచి చెప్పుమన్నరు."

ఆయన పైకి చూసి రెండు చేతులూ జోడించాడు. తువ్వాలతో ముఖమంతా తుడుచుకున్నాడు, కళ్ళు తుడుచుకుంటున్నట్టు ఎవరికీ తెలియకూడదని. తర్వాత గుర్తొచ్చినట్టు మా దగ్గరికి నడిచి వచ్చి, నా ఎదురుగా నిలబడి, నా ముఖంలోకి చూసి చెప్పాడు.

"తమ్మీ, ఇగ నువ్వు బండి తియ్యి."